తోడుపట్టీ

రాజమల్లు నడుములో రాయి కదిలినప్పుడల్లా నిఖిల్ మంచం పట్టె పట్టుకొని వంగిపోతున్నాడు.

కిడ్నీలో రాయి ఉన్నది ఆటో నడుపుకునే రాజమల్లుకు. వంగిపోతున్నది డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉన్న నిఖిల్. ఇద్దరి ముంజేతులకూ బూడిదరంగు పట్టీలున్నాయి. రోగి చేతి పట్టీ ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో పసిగట్టి పంపుతుంది. విద్యార్థి చేతి పట్టీ దాన్ని అందుకొని, వేళ్ళ కొసల్లో చీమలు పాకించుకుంటూ నరాల గుండా పైకెక్కించి, అదే చోట అదే నొప్పిని పుట్టిస్తుంది. కాగితాల మీద దాని పేరు సహవేదన యంత్రం. వార్డులో ఆయమ్మల దగ్గర్నుంచి అందరూ తోడుపట్టీ అంటారు.

“అమ్మా...” అన్నాడు నిఖిల్. కళ్ళ నిండా నీళ్ళు.

“ఎవలన్న ఈ పిలగానికి నీళ్ళు తాపుండ్రి,” అన్నాడు రాజమల్లు పళ్ళు బిగబట్టి. “నాకంటే అలవాటైంది. పాపం, ఆయనకు కొత్త గదా.”

పక్క మంచం మీది ముసలాయన నవ్వాడు. “నిన్న నాకాడికి ఓ పిల్లొచ్చింది. నా మోకాళ్ళ నొప్పికి సొమ్మసిల్లింది. నేనే లేసి తువ్వాలతోని ఇసిరిన.”

గోడ మీది తెరపై నిఖిల్ మార్కు వెలిగింది. ఎనభై దాటింది. దాన్ని స్పందన మార్కు అంటారు. రోగి నొప్పి తాకినప్పుడు విద్యార్థి గుండె ఎంత వేగం పెంచింది, చెమట ఎంత పట్టింది, ఊపిరి ఎక్కడ తడబడింది అని పట్టీయే చూసి వేస్తుంది. నలభై రాకపోతే మిగతా సబ్జెక్టులన్నిటిలో బంగారు పతకాలు వచ్చినా డాక్టరు పట్టా ఇవ్వరు. నిఖిల్ పట్టీ విప్పి కళ్ళు తుడుచుకొని, రాజమల్లుకు దండం పెట్టి, నడుము పట్టుకొని బయటికి నడిచాడు. రాజమల్లును అతను ఒక్క మాటా అడగలేదు. అడగాల్సిన పనేముంది, అంతా తాకిందాయె.

తర్వాత నిఖిల్ క్లాసులోనే చదివే స్వరూప కూర్చుంది. పట్టీ బిగించగానే నడుము ఎడమ పక్క కత్తి దిగినట్టయింది. స్వరూప దవడ బిగుసుకుంది. అంతే. వీపు నిటారుగానే ఉంది.

“అన్నా, ఎప్పటిసంది?”

“మొన్నటిసంది చెల్లె.”

“మూత్రం మంటుందా? చలి పెట్టి ఒణికినవా?”

రాజమల్లు కొంచెం ఆలోచించాడు. “రాత్రి పండ్లు కటకట కొట్టుకున్నయి. ఫ్యాను గాలేమో అనుకున్న.”

“నీళ్ళు తాగుతవా?”

“ఆటో అడ్డాకాడ ఒంటేలు పోసుకునేటందుకు జాగ ఉండదు చెల్లె. తాగుతె కష్టం గదా.”

స్వరూప అతని నుదురు ముట్టి చూసింది. రాయికి తోడు లోపల చీము పడుతున్నట్టుంది, జ్వరం ఎక్కుతోంది. లేచి డ్యూటీ డాక్టరుకు చెప్పింది, ఆమె వెంటనే రక్తపరీక్షకు రాసింది. వెనక్కి తిరిగేసరికి తెర మీద స్వరూప మార్కు పడి ఉంది.

పంతొమ్మిది.

“నీకు తాకలేదా చెల్లె?” అన్నాడు రాజమల్లు కూడా, తెర చూసి. అతని గొంతు చిన్నబోయినట్టుంది.

*

స్వరూప ఇల్లు కాలేజీకి దగ్గరే. ఆ వాడకట్టులో ఆడవాళ్ళందరూ బీడీలు చేస్తారు. ఆమె వెళ్ళేసరికి తల్లి లచ్చవ్వ గడప పక్కన కాళ్ళు చాపుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని తునికాకు చుడుతోంది. స్వరూప కాళ్ళు కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చొని, ఎవరూ అడక్కుండానే కత్తెర అందుకొని ఆకు కత్తిరించసాగింది. మూడో తరగతి నుంచీ చేస్తున్న పని. మాట్లాడుతున్నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి.

“మొకమేంది గట్ల పెట్టినవ్?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతె ఆకును గట్ల కోపంతోని కోస్తరా? అది నీకేం జేసింది?”

స్వరూప కత్తెర పక్కన పెట్టింది. “అమ్మా, నాకు జాలి లేదట.”

“ఎవడన్నడు?”

“మిషను.”

లచ్చవ్వ నవ్వాపుకోలేకపోయింది. పొగాకు దుమ్ము గొంతులో పడి దగ్గింది. “మిషనుకేం ఎరుకే నీ జాలి? కుంటి మేకపిల్లను సంకనేసుకొని బడికి పోయినవ్ నువ్వు. సారు బెత్తంతోని కొట్టిండు యాదిలేదా?”

స్వరూప సంచిలోంచి పట్టీల జత తీసింది. ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి కాలేజీ వాళ్ళే ఇచ్చారు. “ఒక్కసారి కట్టుకో అమ్మా. నాకు అలవాటు కావాలె. వచ్చేవారమే పరీక్ష.”

“కట్టుకుంటె ఏమైతది?”

“నీ నొప్పి నాకొస్తది.”

“నాకు తగ్గుతదా?”

“తగ్గది.”

“మరెందుకే?”

“నాకు తెలుస్తది అమ్మా, నీకు ఎట్లుందో.”

“పొద్దటిసంది నడుం గుంజుతాంది, నడుం గుంజుతాంది అని మొత్తుకుంటనే ఉన్న. గప్పుడు తెల్వలేదా?” అంది లచ్చవ్వ. అయినా చెయ్యి చాపింది. “పట్టు. తొందరగా కానియ్. ఇంకా సగం చాట ఉన్నది.”

మెల్లగా వచ్చింది నొప్పి. ముందు వేళ్ళ కొసల్లో, దారం కట్టే చోట, గాజుపెంకు గీసుకుపోయినట్టు. తర్వాత మెడ. తర్వాత నడుము కింద, ఎవరో మోకాలు పెట్టి ఒత్తుతున్నంత బరువు. స్వరూపకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఈ నొప్పి ఆమెకు తెలుసు. పదో తరగతి పరీక్షల ముందు ఈ గడప పక్కనే కూర్చొని, పుస్తకం ఒక మోకాలి మీద, చాట ఒక మోకాలి మీద పెట్టుకున్నప్పుడు ఇదే ఆమె ఒంట్లోనూ ఉండేది. ‘నొస్తుందని లేస్తే పని ఆగుతది’ అని తల్లి అనేది. ఒళ్ళు వినేది. కొన్నాళ్ళకు నొప్పి నొప్పిగానే ఉన్నా గుండె మాత్రం ఉలిక్కిపడటం మానేసింది.

కళ్ళు చెమ్మగిల్లాయి. అయితే ఆ చెమ్మ నొప్పి వల్ల వచ్చింది కాదు. పట్టీకి అది లెక్కలోకి రాదు.

“ఎన్నొచ్చినయే?”

స్వరూప పట్టీ అంచున వెలిగిన అంకె చూసింది. కన్నతల్లి నొప్పికి పదిహేడు.

“మంచిగనే వచ్చినయి,” అని పట్టీ విప్పేసి, మళ్ళీ కత్తెర అందుకుంది.

*

పట్టీని కనిపెట్టింది వాళ్ళ ప్రొఫెసరే, డాక్టర్ నరహరి. మంచివాడు. విద్యార్థుల పేర్లే కాదు, వాళ్ళ ఊళ్ళ పేర్లు కూడా గుర్తుంటాయి. పట్టీని మొదట పదేళ్ళపాటు తన చేతికే కట్టుకొని, కనబడిన ప్రతి రోగి నొప్పీ తానే పట్టి చూసుకున్నాడు. అందుకే అంటారు, సారు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటాడు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది అని. ఆయన గదిలోకి వెళ్ళినప్పుడు స్వరూప అదే చూసింది. రెండు అరచేతుల మధ్య గ్లాసు, దాని మీద నుంచి ఆయన చూపు.

“కూర్చో స్వరూపా. నీ మార్కులు చూశాను. నీకు జాలి లేదని నేననను.”

“మిషను అంటుంది కద సార్.”

“మిషను ఏమీ అనదు. ఒళ్ళు ఏం చేసిందో చూపిస్తుంది. అంతే.”

“నాకు నొప్పి తాకుతుంది సార్. అందరికెంత తాకుతుందో అంతే తాకుతుంది. ఒళ్ళు ఎగరదు. ఎగరొద్దని చిన్నప్పుడే నేర్పుకున్నం మేము. నిఖిల్ ఎగురుతడు. ఆయన కూడా మంచోడే, కాదనను. కానీ రాజమల్లన్నకు చలిజ్వరం ఉందా అని ఆయన అడగలేదు సార్. నేనడిగిన. దానికి మార్కు లేదా?”

నరహరి గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు ఒకసారి తొణికింది.

“నేను చదువుకునే రోజుల్లో జాలికి పరీక్ష ఎట్లా ఉండేదో తెలుసా నీకు? ఒక నటుణ్ణి తెచ్చి మంచం మీద పడుకోబెట్టేవాళ్ళు. ‘మీ బాధ నాకు అర్థమైంది’ అని ఆయనతో అంటే రెండు మార్కులు. భుజం మీద చెయ్యి వేస్తే ఇంకో మార్కు. అందరం అప్పజెప్పేవాళ్ళం. మా ఆవిడ కడుపునొప్పితో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది. ముగ్గురూ భుజం మీద చెయ్యి వేసి అదే వాక్యం చెప్పారు. గ్యాసని మాత్రలిచ్చి పంపారు. వాళ్ళలో ఒక్కడికి ఆ నొప్పి ఒక్క నిమిషం తాకి ఉంటే ఆమె ఇవాళ బతికుండేది.”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. స్వరూప చెప్పిందీ అబద్ధం కాదు. రెండు నిజాలూ బల్లకు చెరోపక్క కూర్చున్నాయి. మార్కులు వేసే అధికారం మాత్రం ఒక పక్కనే ఉంది.

“నీ కోసం ఒక పని చేస్తాను,” అన్నాడు నరహరి. “నీ పట్టీ తీవ్రత మూడింతలు పెంచుతాను. అప్పుడు ఏ ఒళ్ళయినా కదలాల్సిందే. ఇది నీ మీద అభిమానంతోనే చేస్తున్నా.”

“మూడింతలు నొప్పి పెడితె పాసైతనా సార్?”

“అవుతావు.”

అభిమానంతో అన్నాడని తెలుసు. అందుకే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా చెడ్డవాడంటూ ఎవడూ లేకపోతే, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు మనిషికి. నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

*

పరీక్ష రోజు ఒకే రోగిని అందరికీ ఇచ్చారు. కనకవ్వ అనే ముసలావిడ. పాతికేళ్ళుగా షుగరు ఉంది. అరికాలిలో మేకు దిగితే రెండు రోజులదాకా ఆమెకు తెలియనే లేదు. నేల మీద చీము మరకలు చూసి కోడలు చెప్పింది. ఇప్పుడక్కడ పుండు. పక్కన వేరే ఊరినుంచి వచ్చిన పరీక్షకురాలు కుర్చీలో కూర్చొని ఉంది.

నిఖిల్ గదిలోంచి బయటికొచ్చి గోడకానుకున్నాడు.

“ఎట్లుంది?” అడిగింది స్వరూప.

“ఖాళీగా ఉంది.”

“అంటే?”

“ఒక్క చుక్క నొప్పి లేదు స్వరూపా. కాలు చచ్చుబడింది కద, పట్టీకి ఏం రావట్లేదు. ‘నొప్పి ఎక్కడమ్మా’ అంటే ‘నొప్పి లేదు బిడ్డా’ అంటుంది. దానికి ఎట్లా కదలాలి నేను?” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “తొడ గిల్లుకున్నా. యాభై రెండు వచ్చింది. నువ్వు కూడా గిల్లుకో. గట్టిగా.”

స్వరూపకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. లోపలికి వెళ్ళింది.

కనకవ్వ కళ్ళు సగం మూసుకొని ఉంది. మనిషి అలికిడి కాగానే, చెప్పకముందే ముంజేయి ఎత్తి చాపింది. ఈ మధ్య ఆ ఆస్పత్రిలో రోగులందరికీ అదే అలవాటైంది. స్వరూప పట్టీ కట్టింది. తనదీ కట్టుకుంది. మూడింతల తీవ్రతతో వేళ్ళ కొసల్లో చీమలు కాదు, గండుచీమలు పాకాయి. అవి తప్ప ఇంకేమీ రాలేదు. కాలు లేదు, నడుము లేదు. మూసిన ఇంటి తలుపు కొట్టినట్టుంది.

“నొప్పి గురించి అడుగు,” అంది పరీక్షకురాలు, రాసుకుంటూ.

నొప్పి ఎక్కడుందని ఎందుకు అడగాలి, లేదని తెలిసాక? తమ వాడకట్టులో ఎవరింటికి వెళ్ళినా ఎవరూ అలా అడగరు, ప్రాణం ఎలా ఉందనే అడుగుతారు. అదే మాట స్వరూప నోట అలవాటుగా వచ్చేసింది.

“అవ్వా, పానం ఎట్లుంది?”

కనకవ్వ కళ్ళు తెరిచింది. పొద్దుటినుంచి తనను ఎవరూ అడగని మాట విన్నట్టు చూసింది.

“పానమా... పానం ఎట్లనో అయితాంది బిడ్డా.”

“ఎట్లనో అంటే?”

“ఎట్లనో అంటె ఎట్లనో. పొద్దున తెల్లగౌను ఏసుకున్నప్పటిసంది. కడుపుల దేవినట్టు అయితాంది. ఊపిరి సగమే దిగుతాంది. పొద్దటిసంది వచ్చినోళ్ళందరు నొప్పి ఏడుంది, నొప్పి ఏడుంది అనవట్టె. నాకు నొప్పి లేదాయె. లేనిదాన్ని ఏడికెల్లి తెచ్చియ్యాలె?”

స్వరూప ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా, తడిగా ఉంది. ఫ్యాను ఆమె నెత్తిమీదే తిరుగుతోంది. జుట్టు మొదళ్ళ దగ్గర చెమట.

ముంజేయి పట్టుకొని నాడి కోసం వేళ్ళు పెట్టింది. ఏమీ తెలియలేదు. ఆమె వేళ్ళ నిండా గండుచీమలే. ఒత్తింది, పక్కకు జరిపింది. తన నాడి కొట్టుకుంటోందో, కనకవ్వది కొట్టుకుంటోందో, పట్టీ కొట్టుకుంటోందో అర్థం కాలేదు.

“మేడం, నేను పట్టీ ఇప్పాలె.”

“మధ్యలో విప్పితే సున్నా పడుతుంది. రూలు తెలుసు కదా?”

“తెలుసు మేడం. నాడి తెలుస్తలేదు. ఈమెకు ఒంట్ల బాగలేదు.”

“తెర చూడు. నొప్పి గీత నేలబారుగా ఉంది.”

“షుగరు పేషెంటు మేడం. నొప్పి లేకుండనే గుండెపోటు రావచ్చు. పుస్తకంలనే ఉంది.”

పరీక్షకురాలు కలం ఆపింది. “నాకు తెలియదా ఆ సంగతి? నేనూ అదే పుస్తకం చదివాను. కానీ పొద్దుటినుంచి ఇంతమంది వచ్చి వెళ్ళారు. ఒక్కరికీ ఏమీ అనిపించలేదు.”

“అనిపించలేదు మేడం,” అంది స్వరూప. “ఎవరూ అడగలేదు.”

నాలుగేళ్ళ చదువు, ఈ చివరి ఏడాది, తల్లి చాట, వాడకట్టులో మొదటి డాక్టరమ్మ అనిపించుకోవాలన్న ఆశ అన్నీ పట్టీ మీది ఆ చిన్న బొత్తం కింద ఉన్నాయి. బొత్తం నొక్కింది. పట్టీ ఊడి మంచం మీద పడింది. తెర ఒక్కసారి కూసి, పెద్ద సున్నా వేసింది.

వేళ్ళలో చీమలు ఒక్కొక్కటే దిగిపోయేదాకా చేతులు దులిపి, మళ్ళీ ఆమె ముంజేయి పట్టుకుంది. ఇప్పుడు తెలిసింది. సన్నగా, దారం తెగబోతున్నట్టు ఉంది. రెండు కొట్టి ఒకటి మానేస్తోంది.

“సిస్టర్, ఈసీజీ.”

మూల నిలబడ్డ సిస్టర్ రూత్ పరీక్షకురాలి వైపు చూసింది, స్వరూప వైపు చూసింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేక చివరికి కనకవ్వ వైపు చూసింది. చూశాక ఇంకెవర్నీ అడగలేదు. ఈసీజీ మిషను లాక్కొచ్చింది.

కాగితం బయటికొస్తూ ఉండగానే పరీక్షకురాలు కుర్చీలోంచి లేచింది. పోటు లేని గుండెపోటు. గుండె కింది గోడ పొద్దుటినుంచీ చచ్చిపోతూనే ఉంది, చప్పుడు చెయ్యకుండా. పరీక్షకురాలి చేతులు వెంటనే పనిలో పడ్డాయి. మంచం చక్రాల తాళం తనే కాలితో తన్ని తీసింది. “పట్టండి, పదండి,” అంటూ ముందు తనే నెట్టింది.

తలుపు దాటేటప్పుడు కనకవ్వ స్వరూప చెయ్యి పట్టుకుంది. “ఇంగ నొప్పి అడుగరా బిడ్డా?”

“అడుగరు అవ్వా.”

*

“ముసల్ది బతికిందా?” అడిగింది లచ్చవ్వ.

“బతికింది. గుండెల రక్తం గడ్డ తీసేసిండ్రు.”

“నువ్వే జెప్పినవా?”

“నేనే.”

“మరి ఫెయిలెట్లయినవే?”

పట్టీ విప్పినందుకు అని చెప్పవచ్చు. రూలు రూలే అని చెప్పవచ్చు. ఆర్నెల్లు మళ్ళీ అదే వార్డులో చేసి మళ్ళీ పరీక్ష రాయాలని కమిటీ చెప్పిందని, పరీక్షకురాలు తన పక్షాన రెండు మాటలు మాట్లాడినా, ‘కొలవడానికి ఏమీ నమోదు కాలేదు కదా’ అన్నారని చెప్పవచ్చు. ఏది చెప్పినా తల్లి మళ్ళీ అదే అడుగుతుంది. ఆ అడగడంలో తప్పేమీ కనపడలేదు స్వరూపకు.

“నాకు గూడ సమజైతలేదు అమ్మా.”

“నిఖిల్ అనే పిలగాడు?”

“పాసైండు.”

“తొడ గిల్లుకున్నోడు?”

“ఆ.”

లచ్చవ్వ ఇంకో బీడీ చుట్టి దారం కట్టింది. “ఆ మిషనోన్ని ఒక్కసారి నా తాన కూసోవెట్టు,” అంది. “సగం చాట చుట్టిపిస్త.”

*

మరుసటి సోమవారం నరహరి కబురంపాడు. స్వరూప వెళ్ళేసరికి ఆయన బల్ల నిండా కనకవ్వ పట్టీ నమోదులు పరిచి ఉన్నాయి. అన్నీ నేలబారు గీతలే. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహంలో ఉత్సాహం ఉంది. అది చూడగానే ఆమెకు భయం వేసింది.

“కూర్చో, కూర్చో. నువ్వు చెప్పింది నిజం. పట్టీకి నొప్పి తప్ప ఇంకేదీ తెలియదు. అది నా లోపం, కమిటీకి రాసిచ్చాను. నీ సున్నా మాత్రం నా చేతుల్లో లేదు.” కలం తీసుకున్నాడు. కలాన్ని పిడికిలితో పట్టుకున్నాడు, పలక మీద బలపం పట్టుకున్న పసివాడిలా. “కానీ సరిచెయ్యవచ్చు. కొత్త పట్టీలో పానానికి వేరే మీట పెడదాం. ఏం కొలవాలో చెప్పు చాలు. పానం అంటే ఏమిటి? నీరసమా? గుండెదడా? ఆయాసమా?”

“పానం అంటే పానమే సార్.”

“అట్లా కాదు. నిర్వచనం కావాలి.”

“ఒకరోజు నీరసం, ఒకరోజు బుగులు, ఊరికెనే భయం. ఒకరోజు కొడుకు మీద బెంగ కూడా పానమే సార్. ఎవరి పానం వాళ్ళది.” స్వరూప గొంతు లేచింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఈ గదిలో ఆ గొంతు అంత లేవలేదు. “కనకవ్వ మూడో మంచం మీద ఉంది సార్. ఇక్కడికెల్లి ముప్పై అడుగులు లేదు. మీరు నన్నెందుకు అడుగుతున్నరు? ఆమెనడుగుండ్రి.”

అన్నాక ఆమెకే ఒళ్ళు జల్లుమంది. పట్టీ చేతికి ఉంటే ఇప్పుడు మంచి మార్కు పడేది అనిపించింది.

నరహరి కలం కింద పెట్టాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకొని, ముందు నడిచాడు. స్వరూప వెనకాలే వెళ్ళింది.

కనకవ్వ గోడకానుకొని కూర్చొని గంజి తాగుతోంది. తెల్లకోటు కనబడగానే గిన్నె పక్కన పెట్టి, అలవాటుగా ముంజేయి చాపింది. నరహరి చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. పట్టీ బయటికి రాబోయింది. సగం వచ్చి ఆగింది. ఆయన దాన్ని మళ్ళీ జేబులోకి తోసి, మంచం అంచున కూర్చున్నాడు.

“అవ్వా,” అన్నాడు. ఆ మాట ఆయన నోట కొత్తగా, తడబడుతూ వచ్చింది. “పానం... ఎట్లుంది?”

“ఇప్పుడు జర నయమే సారు. తిన్నది పట్టుతాంది. రాత్రి పూట ఒక్కతీరుగ బుగులైతది. మా ఇంటాయన పోయినకాడికెల్లి గట్లనే.” ఆమె చెబుతూ పోయింది. ఇంటాయన మగ్గం గురించి, కోడలి గురించి, మేకు దిగిన కాలు నేల మీద పెడితే దూది మీద పెట్టినట్టుంటుందని. నరహరి రాసుకోలేదు. వింటూ, ఆమె చాపి ఉంచిన ముంజేతిని తన చేతిలోకి తీసుకొని, నాడి కోసం మూడు వేళ్ళు పెట్టాడు.

వేళ్ళు కదిలాయి. బొటనవేలి మొదలు దగ్గర ఒత్తాయి. కొంచెం పైకి, కొంచెం లోపలికి వెళ్ళాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఒత్తాడు. ఎన్నో ఏళ్ళు ఎవరెవరి నొప్పులో మోసి మోసి మొద్దుబారిన వేళ్ళు. కనకవ్వ మాటలాపి ఆయన మొహంలోకి చూసింది. భయం వేసిందామెకు.

“నేను సచ్చిపోయిన్నా ఏంది సారు?”

“లేదవ్వా.” నరహరి కళ్ళు తెరిచాడు. స్వరూప వైపు చూడలేదు, తన చేతి వైపే చూసుకుంటూ మెల్లగా అన్నాడు. “నాకు దొరకట్లేదు.”

స్వరూపకు ఆయన మీద కోపం పోలేదు. సున్నా సున్నాగానే ఉంది. ఆర్నెల్లు ఆర్నెల్లుగానే ఉన్నాయి. అయినా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఆయన వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, కొంచెం కిందికి జరిపి, కనకవ్వ నాడి కొట్టుకుంటున్న చోట ఆనించి పట్టుకుంది. కనకవ్వ ముంజేయి, ఆయన వేళ్ళు, వాటి మీద తన వేళ్ళు.

“తొందరపడకుండ్రి సార్. ఒత్తొద్దు. ఊరికె ఉంచుండ్రి.”

గంజి చల్లారిపోయింది.

“దొరికిందా సార్?”

“ఆగు,” అన్నాడు నరహరి.